గోధుమరంగుకు మార్కులు

మైక్రోస్కోపు మీదకు వంగితే నాకు గది ఉండదు, కుర్చీ ఉండదు. లేతనీలంలో ఎటో తేలిపోతుంటాను. అక్కడక్కడా గోధుమరంగు మంచులా పరుచుకుని ఉంటుంది. ఆ రంగు ఉన్నచోట ఎంజైమ్ ఉన్నట్టు. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల చుట్టూ ఉన్న అల్లికను అది కొరికి దారి చేస్తుంది, కణాలు తీరిగ్గా ఎముకల దాకా నడిచిపోతాయి. రంగు ముదిరేకొద్దీ మార్కు పెంచాలి, సున్నా నుంచి మూడు దాకా. నా పని అదే.

ఈసారి నలభై స్లైడ్లు. పేర్లుండవు, అంకెలే. అందులో ఒకటి మా నాన్నది. ఆపరేషన్‌లో తీసిన ముక్కను పరిశోధనకు ఇస్తానని నన్నడక్కుండానే సంతకం పెట్టేశాడు. ఒంటికాలి మీద లేచాను. పోయిన నెల స్కానులో జబ్బు ఆయన నడుం ఎముకకు చేరిందని తేలింది. ఇంట్లో ఆ మాట నేనెత్తను, ఎవర్నీ ఎత్తనివ్వను.

అవే స్లైడ్లు విడిగా చూసిన మా మేడమ్, ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"నీకు మూడు రాయడం రాదా? ఒక్కటీ లేదే!"

ముదురురంగు కనబడ్డప్పుడల్లా ఇది నాన్నదేమో అనిపించి, చెయ్యి దానంతటదే రెండు వేసేసింది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"ఇలా జాలిపడితే ఎంజైమ్‌కి ఏ పాపమూ తెలియదని తేలుతుంది. దాన్ని ఆపే మందు ఇంకెవరు వెతుకుతారు?" అంది మేడమ్. "స్లైడ్ల మీద అంకెలు మార్చి మళ్లీ ఇస్తాను. చూడగలవా, వేరేవాళ్లకివ్వనా?"

ఇంటికెళ్లేసరికి నాన్న కిటికీ దగ్గర ఎండలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. నలభయ్యేళ్లు గోడలకు రంగులేసిన మనిషి. సంగతంతా విని పకపకా నవ్వాడు.

"ముదురుని లేత అంటే నా దగ్గరైతే ఒక్క పూట కూడా ఉండనిచ్చేవాణ్ణి కాదు!"

"నవ్వకు నాన్నా, నాకు ఒళ్లు మండుతోంది."

"నడుంలోకి వచ్చేసింది కదే తల్లీ. నువ్వు రెండేస్తే వెనక్కి పోతుందా?"

ఆ మాట అనేశాడు. ఆయన ఒళ్లో తల పెట్టుకుని చీకటిపడేదాకా ఏడ్చాను.

మరునాడు మళ్లీ ఆ నీలంలోకి దిగాను. ఏడో స్లైడు నిండా ముదురు గోధుమరంగు. నాన్నా, అనుకున్నాను. మూడు వేశాను. పదహారోదీ అంతే. నాన్నా అనుకుని మూడు వేశాను.

సాయంత్రానికి నాకు తొమ్మిదిమంది నాన్నలు తేలారు.