వాటికి తిండి పెట్టేది

స్కానింగులో ఏమీ కనబడలేదని డాక్టరు చెప్పిన మర్నాడు అక్క, చెల్లెలు పనిచేసే ల్యాబుకు వచ్చింది. తలమీద జుట్టు అప్పుడే నూగుగా మొలుస్తోంది. ఇక ఒక్క సూది కూడా పొడిపించుకునేది లేదని ఇంటిల్లిపాదికీ తెగేసి చెప్పి మరీ వచ్చింది.

"ఏదీ, నా శత్రువుల శవాలు చూపించవే."

ఆపరేషన్‌లో తీసిన క్యాన్సర్ కణితి ముక్కను అక్క అనుమతితో చెల్లెలే ఇక్కడ గాజు పళ్ళెంలో పెంచింది. అక్కకు ఎక్కించిన మందునే ఆ కణాలకూ వేసింది. దాదాపు అన్నీ చచ్చి తేలాయి. తేలినవాటిని కడిగేసి పళ్ళెం పారేయడం అక్కడి పద్ధతి. ఆమెకు చేతులు రాలేదు. అది అక్క ఒంట్లోది. కణాలకు తిండిగా తాజా ద్రవం పోసి, ఒంటి వేడితో ఉండే పెట్టెలో దాచింది. కొన్నాళ్ళకు అడుగున మిగిలినవి పెరగడం మొదలుపెట్టాయి. చురుగ్గా ఒకటి రెండుగా చీలే కణాలనే మందు వేటాడుతుంది. ఇవి గండం గడిచేదాకా మెదలకుండా పడుకున్నాయి. ఇవే కణితికి మూలకణాలు. ఒక్కటి మిగిలినా మొత్తం కణితిని మళ్ళీ కనగలవు.

పళ్ళెంలో మిగిలినవి ఒంట్లోనూ మిగిలాయా? ఎవరికీ తెలియదు. చెబితే అక్క సంతోషం ఆవిరైపోతుంది. చెప్పకపోతే డాక్టరు ఆలోచిస్తున్న రెండో మందుకు ఒప్పుకోదు. నిన్నటి నుంచి చెల్లెలు ఈ రెంటి మధ్యా తిరుగుతోంది. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

చెల్లెలు పళ్ళెం తెచ్చి పెట్టగానే అక్క మైక్రోస్కోపు మీదికి వంగింది. "శవాలేవే? ముద్దలు ముద్దలుగా నిగనిగలాడుతున్నాయి!"

"అవి చావలేదక్కా."

అంతా చెప్పింది. నీ ఒంట్లో ఉన్నాయని అనలేను, లేవనీ అనలేను అంది.

అక్క తల ఎత్తలేదు. "వీటికి తిండెవరు పెడుతున్నారు?"

"నేనే."

"రోజూనా?"

"రోజు విడిచి రోజు."

"నాకు ఫోన్ చెయ్యడానికి మాత్రం తీరదు!"

చెల్లెలికి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ. "పారబొయ్యనా?"

"పారబోస్తే నాలోవి పోతాయా, మొద్దూ?" అక్క కుర్చీలో కూలబడింది. "ఆ రెండో మందేదో ముందు వీటికి వెయ్యి. చచ్చాయా, నేనూ సూదికి చెయ్యి చాపుతా. అందాకా బతకనీ."

చెల్లెలు పాత ద్రవం తీసి కొత్తది పోసింది. చుక్క ఒలక్కుండా పొయ్యడం ఆమెకు ఎప్పుడో అలవాటైంది. అక్క చూస్తుండగా పొయ్యడం మాత్రం ఇదే మొదలు. పెట్టె తలుపు మూస్తుంటే లోపలి వెచ్చదనం వేళ్ళకు తగిలింది. అది అక్క చేతి వెచ్చదనమే.