పాలకూర ప్రోటీను

...ఇంకో గ్లాసు చాయ్ ఎందుకు పోస్తుంది అమ్మ ఈయనకు, లేచి పోయేటోన్ని మళ్ల కూసోబెట్టుడు, దబీర్‌పురా గల్లీల మా ఇల్లు ఎట్ల దొరికిందో నా రీసెర్చి గైడు విఠల్‌రావు సార్‌కు, నేను యూనివర్సిటీ ఇడిసి ఏడేండ్లాయె, ఒక్కనాడు రాలే, ఇయ్యాల మిఠాయి డబ్బా పట్టుకొచ్చిండు, గోదా, బాగున్నవా తల్లీ అంట, తల్లీ అట, ఆనాడు లాబ్‌ల అందరి ముంగట నీ చేతికి శుభ్రం లేదు, నీకు కనిపించింది మురికి, పారెయ్ అన్న నోరే గదా ఇది, నేను మీరాలంమండి పాలకూర తెచ్చి, నూరి, వడగట్టి, ఆకుల గాలిని పట్టి తిండి చేసే పెద్ద ప్రోటీను పదహారు ముక్కలు ఎట్ల కూడుతయో చూస్తుంటే, కూడకముందే ముక్కను ఇంకో ప్రోటీను పట్టుకొని కనిపించింది, చేసిన ప్రతిసారి కనిపించింది, ముక్కలు చిక్కుపడకుండ అది కాస్తుందేమో సార్ అన్న, నవ్విండు, ప్రోటీను దానంతట అదే కూడుతది, గంత గూడ తెల్వదా అన్నడు, నా చేతినే అనుమానించుకున్న, చదువు సగంల ఇడిసిన.

ఇంటెనక రైలు పోతుంటే కిటికీ రెక్కలు అదురుతున్నయి, చప్పుడు పోయేదాంక ఆగి సార్, బయటి దేశాలల్ల దానికి పేరే పెట్టిన్రు గోదా, షాపరోన్ అంటున్రు, ముక్కలకు తోడుండి, పెద్ద ప్రోటీను కూడంగనే తప్పుకునే ప్రోటీనట, రేపటి సైంటిస్టుల సభల మనం ముందే చూసినమని చెప్త, నువ్వొచ్చి పక్కన కూసుంటే చాలు అంటున్నడు, మనం అట, ఎప్పటి మనం, ఆనాడు తెల్వక అన్నడేమో బిడ్డా, ఇంటికొచ్చిండు గదా అని అమ్మ చెవుల గొణిగింది, తెల్వకనేనేమో, నాలో ఏదో మెత్తవడుతుంది, అంతల సార్ చాయ్ ఊదుకుంట, నువ్వు పోయినంక నేనే మళ్ల చేసి చూసిన తల్లీ, అచ్చం నువ్వు చెప్పినట్టే వచ్చింది అన్నడు.

ఎప్పుడు సార్ అన్న, నువ్వు పోయిన ఆ నెలల్నే, అప్పుడు చెప్తే ఎవరు నమ్మేటోళ్లు, నన్ను చూసి నవ్వేటోళ్లు అన్నడు, ఆ నెలల్నే అంట, నేను ఇల్లిల్లు తిరిగి ట్యూషన్లు వెతుక్కున్న నెల అది, ఒక్క కబురు పంపలే, పక్కన కూసోను సార్, మాట్లాడితే నేనే మాట్లాడుత, లేకుంటే ఆ ముచ్చటే ఎత్తొద్దు అన్న, డిగ్రీ గూడ లేదు, నిన్నెవరు స్టేజీ ఎక్కనిస్తరు అని చెప్పులేసుకున్నడు, అమ్మ అయ్యో అంటుంది, అననీ, మురికి అన్న మాట మాఫ్, అందరు పొరపాటు పడ్తరు, గని ఈయన తెల్వనోడు కాదు, తెలిసీ ఊకున్నడు.