బురుజు మీద రుక్కి

‘వజ్రదుర్గం’ సినిమాలో నాలుగు వందల మంది సైనికులు కనిపిస్తారు. అందులో మూడు వందల అరవై మంది అబద్ధం. నిజంగా ఉన్నది నలభై మంది, అందరూ పాలకుర్తి, కొడకండ్ల వైపు నుంచి కూలికి వచ్చినవాళ్లు. వాళ్ల తలపాగాలు కుట్టినవాణ్ణి నేను, జనగామ స్టేషన్ రోడ్డు టైలరు సోమనర్సయ్యను. పాగా ఒక వైపు ఎరుపు, తిప్పి కట్టుకుంటే ఆకుపచ్చ. పొద్దున రాజుగారి పక్షాన చచ్చినవాడు సద్ది తిని, పాగా తిప్పి కట్టుకుని, మధ్యాహ్నం శత్రువుల పక్షాన మళ్లీ చచ్చేవాడు.

పందొమ్మిది వందల అరవై తొమ్మిది అక్టోబరు అది. భూపాలపల్లి అవతల అడవిలో, చెరువు అంచున, ఒక పాత కోట ఉంది. మద్రాసు నుంచి వచ్చిన సినిమావాళ్లు ఆ కోటకు రంగు వేసి షూటింగు మొదలుపెట్టారు. బయట తెలంగాణ ఉద్యమం మండిపోతోంది. స్కూళ్లు లేవు, రైళ్లు నడిచిన రోజు నడిచినట్టు, పోలీసులు ఎవరిని ఎందుకు పట్టుకుపోతున్నారో తెలియదు. లోపల మేము మాత్రం మూడు వందల ఏళ్ల కిందటి రాజుగారి కోసం చస్తూ బతుకుతున్నాం. నేను “ఏందన్నా” అంటే చాలు, అసిస్టెంట్లు నా మాట తిప్పి అని పగలబడి నవ్వేవారు. వాళ్లకు రెండు పూటలా భోజనంతో పాటు మా మాట కూడా కంపెనీ ఖర్చే అనుకున్నట్టున్నారు. నాకు ఒళ్లు మండేది. మండినా నోరు మూసుకుని కుట్టుకునేవాణ్ణి, పని పోతుందన్న భయంతో.

కథ చెబుతాను, ముందు సినిమా కథ. అడవిలో లంబాడీ నాయకుడి బిడ్డ రాజకుమారుణ్ణి పెళ్లాడుతుంది. శత్రువులు అతణ్ణి కోటలో బంధిస్తారు. ఆమె అతణ్ణి విడిపించడానికి వచ్చి, సైనికులు తరుముతుంటే బురుజు మీది నుంచి చెరువులోకి దూకుతుంది. ఈదుకుంటూ పోయి తండా జనాన్ని తీసుకొస్తుంది. ఆ దూకడమే సినిమాకు ప్రాణం అని డైరెక్టరు రోజుకు పదిసార్లు అనేవాడు. హీరోయిన్ ఎలాగూ దూకదు. ఆమె బదులు దూకడానికి మద్రాసు నుంచి ఒక ఫైటర్‌ను తెచ్చారు. అతను మొదటి రోజు బురుజు ఎక్కి, కిందికి చూసి, నీళ్లు ఎంత లోతున్నాయో కొలిపించమన్నాడు. కొలిపించాక రాళ్లున్నాయేమో చూడమన్నాడు. అదీ చూశాక కడుపులో బాగాలేదన్నాడు.

అప్పుడు నవ్విన మనిషి రుక్కి. కేసముద్రం దగ్గరి తండా ఆమెది. సెట్టుకు మట్టి మోసే పనికి వచ్చింది. “మా తండల పోరగాండ్లు గింతకంటె ఎత్తుకెల్లి బాయిల దుంకుతరు,” అంది. డైరెక్టరు ఆమెను పైకి పంపి ఒకసారి దూకి చూపించమన్నాడు. గంప కింద పెట్టి, కొంగు బిగించి, ఆమె పిట్టలా దూకింది. ఆ క్షణమే మట్టి మోసే పని మాన్పించి ఆమెను హీరోయిన్‌కు డూపుగా పెట్టుకున్నారు.

హీరోయిన్ వేసుకునే అద్దాల లంగా కుట్టడం కూడా నా పనే. అద్దం చుట్టూ దారం ఎలా తిప్పాలో నాకు నేర్పింది రుక్కే. నేర్పుతూ ఒక మాట చెప్పింది. పెళ్లయిన లంబాడీ ఆడది మోచేతి పైన భుజం దాకా తెల్లటి దంతపు గాజులు వేసుకుంటుంది, వాటిని బలియాలు అంటారు. రుక్కికి రెండు చేతుల నిండా ఉండేవి. “గవి లేకుంటె ఆమె పెండ్లి కాని పిల్లన్న గావాలె, మొగడు సచ్చినదన్న గావాలె,” అంది. నేను పోయి మా కాస్ట్యూమ్ పెద్దాయనకు చెప్పాను. ఆయన తెప్పించాడు కూడా. హీరోయిన్ ఒక పూట వేసుకుంది. చర్మం కందిపోయిందని తీసేసింది. పెళ్లి తరువాతి సీన్లన్నీ ఖాళీ చేతులతోనే తీశారు. నేను ఇంకోసారి చెబుదామనుకుని, చెప్పలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ల మధ్య టైలరు మాట ఎవడికి కావాలి అనుకున్నాను.

దూకే షాట్ రోజు రానే వచ్చింది. మర్నాటి నుంచి మూడు రోజులు బంద్‌కు పిలుపిచ్చారు, రోడ్లన్నీ మూసేస్తారు. ఆ సాయంత్రమే సామాను సర్ది వెళ్లిపోవాలని కంపెనీ తొందర. నాలుగు గంటలకు రుక్కి హీరోయిన్ బట్టల్లో వచ్చింది. డైరెక్టరు కెమెరాలోంచి చూసి తల ఎత్తాడు.

“ఆ గాజులేమిటి? హీరోయిన్‌కు లేవు కదా, తీసెయ్యమను.”

“తియ్య,” అంది రుక్కి.

మేనేజరు జగపతి ముందుకొచ్చాడు. మనిషి మెత్తగా మాట్లాడతాడు, పనులు చేయించడంలో దిట్ట. వారం కిందట మా నలభై మందిలో అయిలేశ్ అనేవాణ్ణి గోడ మీద నినాదం రాశాడని పోలీసులు పట్టుకుపోతే, జగపతి భూపాలపల్లి వెళ్లి ఎవరితోనో మాట్లాడి సాయంత్రానికి జీపులో తీసుకొచ్చాడు. చచ్చే సైనికుడు ఒకడు తగ్గితే లెక్క కుదరదని తెచ్చాడే గాని, తెచ్చిన మాట నిజం.

“చూడమ్మా,” అన్నాడు జగపతి, “మీ ఆయన వరంగల్ జైల్లో ఉన్నాడటగా?”

రుక్కి మొహం మారింది. ఆమె మొగుడు జాల్యా జూన్‌లో కేసముద్రం స్టేషన్లో రైలుకు అడ్డంగా కూర్చున్నాడు. కూర్చున్నవాళ్లందరినీ పట్టుకుపోయారు. అతణ్ణి మాత్రం ఇంకా వదల్లేదు.

“ఈ గాజులు తీసి షాట్ పూర్తి చెయ్యి. రేపు మాపటికి మీ ఆయన ఇంట్లో ఉంటాడు. నేను మాటిస్తే తప్పను,” అన్నాడతను. ఎలక్ట్రీషియన్ దగ్గరున్న కటింగ్ ప్లయర్ తీసి నా చేతిలో పెట్టాడు. దండచేతులకు బిగిసిన గాజులు ఊరికే రావు, కత్తిరించాల్సిందే.

రుక్కి పోయి ఒక రాయి మీద కూర్చుంది. నేను ప్లయర్ పట్టుకుని వెనకాలే వెళ్లాను.

“సోమన్నా, నిజం జెప్పు. గీ మనిషి మాట మీద నిలబడ్తడా?”

“నిలబడ్తడక్కా. అయిలేశ్‌ను ఇడిపిచ్చిండు గద.”

“గదే నా పరేషాన్. అబద్ధాలాడెటోడైతె తిట్టి పోతుంటి,” అంది. కాసేపు తన చేతుల వంకే చూసుకుంది. “మా ఆయన సచ్చిననాడు మా ఆడోళ్లు కూడి ఏడ్సుకుంట తీస్తరు ఇవి. ఆయన బతికుండంగ నా అంతట నేను తీసుకుంటె ఏమన్నట్టు? ఆడ జైల్ల మనిషి బతికే ఉంటడు, ఈడ నేను సంపుకున్నట్టు. మా తండకు ఏం మొకం పెట్టుకొని పోవాలె?”

“ఇంటికొస్తడు గదక్కా,” అన్నాను. అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆమె నా మీద కోప్పడలేదు. లేచి తిన్నగా డైరెక్టరు దగ్గరికి నడిచింది.

“సారూ, మీ కతల గామె మొగడు బతికున్నడా, సచ్చిండా?”

“బతికే ఉన్నాడమ్మా. అతణ్ణి విడిపించడానికే కదా దూకేది!”

“మరి చేతులు బోడిగెందుకున్నయ్? గామె ముండమోసింది. మీరే ముండ మోపిన్రు. మొగడు లేనిది ఎవల కోసం దుంకుతది?”

అసిస్టెంట్లు అలవాటు కొద్దీ నవ్వారు. డైరెక్టరు నవ్వలేదు గాని విసుక్కున్నాడు. “ఇవన్నీ ఎవరికి తెలుస్తాయి?”

“మానుకోట టాకీసుల కూసునెటోళ్లకు తెలుస్తది. వాళ్లు గూడ టికెట్ కొనుక్కునే వస్తరు.”

మానుకోట అంటే మహబూబాబాదే. ఆ పేరు డైరెక్టరుకు తెలియదు, అడగనూ లేదు. జగపతి మాత్రం నా వైపు తిరిగాడు. “టైలరూ, పొద్దు పోతోంది. ఆ గాజులు కత్తిరించు. వీళ్లకు మంచి చెడ్డ తెలియదు.”

ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు, మూడు వారాలుగా మింగిన కోపమంతా ఒక్కసారి గొంతులోకి వచ్చింది. “నేను బట్టలు కుట్టెటోన్ని సారూ. మొగడు బతికున్న ఆడిదాని చేతులు బోడి జేసెటోన్ని గాను,” అని ప్లయర్‌ను చెరువులోకి విసిరేశాను. అది ఎలక్ట్రీషియన్ సొంతది. పాపం, అతను తిట్టిన తిట్లన్నీ నాకు తగినవే. జగపతి మాత్రం తిట్టలేదు. “సాయంత్రం నీ మిషను తీసుకుని వెళ్లిపో,” అన్నాడు అదే మెత్తని గొంతుతో.

చివరికి మద్రాసు ఫైటర్‌కే ఇంకో అద్దాల లంగా కట్టి, జడ పెట్టి పైకి పంపారు. అతను బురుజు అంచు దాకా వెళ్లాడు. వంగి చూశాడు. చేత్తో లంగా ఎత్తి పట్టుకుని, మెట్ల దారిన మర్యాదగా దిగి వచ్చాడు. చెరువు మీద ఎండ పలచబడిపోతోంది.

అందరూ ఆ ఫైటర్‌ను బతిమాలుతూ ఉండగా పైనుంచి కేక వినిపించింది. రుక్కి బురుజు మీద నిలబడి ఉంది. ఎవరూ ఎక్కమనలేదు. రెండు చేతులూ భుజాల దాకా తెల్లగా కనిపిస్తున్నాయి.

“తీసుకుంటె గిట్లనే తీసుకోరి! లేకుంటె డబ్బాలు సదురుకొని పోరి! నేను మాత్రం బతికున్న మొగని కోసమే దుంకుత!”

డైరెక్టరు జగపతి వంక చూశాడు, ఆకాశం వంక చూశాడు, కెమెరా తిప్పమన్నాడు.

“జై తెలంగాణ!” అని అరిచి రుక్కి దూకింది.

బురుజు కింద మా నలభై మందీ ఆ షాట్ కోసం శవాలై పడి ఉన్నారు. శవాలు కదలకూడదని డైరెక్టరు ముందే గట్టిగా చెప్పాడు. వాళ్లు కదల్లేదు. కళ్లు మూసుకుని, కాళ్లు చాపుకుని, పడుకున్న చోటి నుంచే నలభై గొంతులతో “జై తెలంగాణ” అన్నారు. కోట గోడలు దద్దరిల్లాయి. నవ్వే అసిస్టెంట్లలో ఒక్కడూ నవ్వలేదు. నాకు ఒళ్లు పులకరించింది, ఏడుపు కూడా వచ్చింది, దాచుకోను.

షాట్ అద్భుతంగా వచ్చిందన్నారు. ఆమె తడి బట్టలతో గట్టెక్కగానే జగపతి ఆమె దగ్గరికి వెళ్లి, “మీ ఆయన సంగతి ఇక నన్నడగొద్దు,” అన్నాడు. నేను ముందే చెప్పాను కదా, అతను మాట మీద నిలబడే మనిషి. జాల్యా మరో నాలుగు నెలలు జైల్లోనే ఉన్నాడు. ఫిబ్రవరిలో, జైల్లో మిగిలిన ఉద్యమం వాళ్లతో పాటు వదిలారు.

సినిమా ఆ ఎండాకాలం విడుదలైంది. మానుకోటలో మ్యాటినీకి రుక్కి తండా అంతా వస్తోందని కబురు తెలిసి నేనూ జనగామ నుంచి రైలెక్కాను. పేర్లు వేసేటప్పుడు జాగ్రత్తగా చూశాను. గుర్రాలను సరఫరా చేసినాయన పేరు ఉంది. రుక్కి పేరు లేదు, నాది లేదు, రెండేసి సార్లు చచ్చిన నలభై మందివి లేవు. ముందు వరసలో కూర్చున్న తండా ఆడవాళ్లు పెళ్లి పాట వచ్చినప్పుడు ముసిముసిగా నవ్వుకున్నారు. ఆ తరువాత హీరోయిన్ కోటలోకి వచ్చింది. తెర నిండా ఆమె మొహం, పక్కనే ఖాళీ భుజాలు.

జాల్యా తల్లి తుల్సీబాయి గుండె బాదుకుంది. “అయ్యో, పిలగాడు సచ్చిపాయె!” అని రాగం అందుకుంది. ఆమె పక్కనున్నవాళ్లూ అందుకున్నారు. వెనక కుర్చీల్లో పట్నం జనం “నోర్ముయ్యుండ్రి” అని అరిచారు. వాళ్లకేం అర్థమవుతుంది! అంతలో బురుజు వచ్చింది. ఆమె దూకింది. చేతులు రెండూ గాలిలో బారుగా చాపి, దండచేతుల నిండా తెల్లటి బలియాలతో.

“బతికే ఉన్నడు!” అని తుల్సీబాయి లేచి నిలబడింది. “అగో, మన రుక్కి! మన రుక్కి!” అని పిల్లలు బెంచీలు ఎక్కారు. ఎవడో “జై తెలంగాణ” అన్నాడు. అప్పటిదాకా నోరు మూసుకోమన్న వెనక కుర్చీలు కూడా అందుకున్నాయి. ఆ గోలలో ఆ తరువాతి డైలాగు ఒక్కటీ ఎవరికీ వినిపించలేదు.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. జనం రుక్కి చుట్టూ మూగి, చేతులు ముట్టుకుని చూసి పోతున్నారు. ఆమె మొహంలో సంతోషం లేదు. జనం పలచబడ్డాక, నేను పక్కనే ఉన్నానన్న మొహమాటం కూడా లేకుండా, మొగుడితో చెప్పేసింది. ఆ రోజు జగపతి ఏమన్నాడో, తను ఏమన్నదో, ఒక్క ముక్క దాచకుండా.

“నేను ఇవి తీసుంటె నువ్వు తెల్లారే ఇంట్ల ఉంటుంటివి. నాలుగు నెలలు నిన్ను జైల్ల ఉంచింది నేనే.”

జాల్యా జైలుకు పోకముందు ఎలా ఉండేవాడో నాకు తెలియదు. అప్పుడు మాత్రం చిక్కిపోయి, చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఆమె చేతిని తన ఒళ్లోకి తీసుకుని, బలియాల మీద నెమ్మదిగా వేళ్లు పోనిచ్చాడు.

“తీసుంటె తెల్లారే వస్తుంటి,” అన్నాడు. “నువ్వు బోడి చేతులతోని దర్వాజల నిలబడుంటివి. గప్పుడు నేను ఎవల మొగన్నని ఇంట్లకు రావాలెనే?”

రుక్కి అప్పుడు ఏడ్చింది. షూటింగు జరిగిన అన్ని రోజుల్లోనూ ఆమె కంట నీరు నేను చూడలేదు.