వంటగది లేని ఇల్లు

“దానికి ఏదో అయిందండీ. నాకు గుండె దడగా ఉంది” అన్నాను. అప్పటికి మా అమ్మాయి పిట్ట ఇంకా ఇల్లే చేరలేదు, బస్సులో ఉంది.

మా ఆయన పేపరు దించలేదు. “రాకముందే మొదలెట్టావా? రానీ, వచ్చాక ఏడుద్దువుగాని.”

ఫోన్ మోగితే నాకు భయం, మోగకపోతే ఇంకా భయం, ఆ మాట నిజమే. కానీ ఈసారి కారణం ఉంది. పోయిన వారం మాటల్లో “నీ ఊరు ఎక్కడిదాకా వచ్చిందే?” అని అడిగాను. “ఆడట్లేదమ్మా, ఇంట్రెస్ట్ పోయింది” అంది. పాలు విరిగిపోయాయని చెప్పినంత మామూలుగా అంది.

ఊరంటే వీడియో గేమ్‌లో ఊరు. స్కూలు రోజుల నుంచీ అది దాని ప్రాణం. కళ్ళు పోతాయేమో, కరెంటు కొడుతుందేమో అని నేను పక్కనే కాపలా కూర్చునేదాన్ని, టైలరు షాపు నుంచి తెచ్చుకున్న ప్యాంట్లకి అంచులు కుట్టుకుంటూ. చూసి చూసి ఆ ఊళ్ళో ప్రతి సందూ నాకు తెలిసిపోయింది. అది నది మీద వంతెన కడితే, రెండు పక్కలా కమ్మీలు పెట్టేదాకా నేను ఊరుకోలేదు. “బొమ్మలు పడవమ్మా!” అని నవ్వుతూనే పెట్టింది.

ఒకరోజు, “ఇది నీ ఇల్లు” అని చూపించింది. గుమ్మంలో బొద్దుగా ఒక బొమ్మ, ఎండైనా వానైనా చేతిలో గొడుగు. అచ్చం నేనే. లోపల మంచం, పెద్ద కిటికీ, ఉయ్యాల. అంతా వెతికి, “వంటగదేదే?” అన్నాను.

“పెట్టలేదు.”

“మరి తిండి?”

“ఇక్కడ నీకు ఆకలెయ్యదమ్మా. వేరేవాళ్ళకేస్తే వాళ్ళే చూసుకుంటారు.”

నవ్వాను. తర్వాత గిన్నెలు తోముతుంటే ఎందుకో ఏడుపొచ్చింది. సాకు చెప్పడానికి పక్కన ఉల్లిపాయలు కూడా లేవు.

పెళ్ళయ్యాక ఆటపెట్టె దానితోపాటే వెళ్ళింది. అల్లుడికీ ఆటలంటే ఇష్టమని తెలిసి సంబరపడ్డాను, ఇద్దరూ కలిసి ఆడుకుంటారు కదా అని. “ఆయన ఆడుతుంటే టీ ఇచ్చి పక్కన కూర్చుంటున్నా” అనేది ఫోన్లో. “మరి నీ వంతు?” అంటే, “వచ్చేసరికి బట్టలు ఆరెయ్యాలిగా” అనేది. పగలంతా మందుల షాపు కౌంటర్లో నిలబడి వచ్చే పిల్ల. వాళ్ళత్తగారు ఒకసారి నవ్వుతూనే, “కోడలు బొమ్మలాడుకుంటుంటే మా వాడు ఆకలితో కూర్చోవాలా?” అన్నారట. అదే పెట్టె ముందు అదే సోఫాలో కొడుకు కూర్చుంటే అలసట తీర్చుకోవడం, కోడలు కూర్చుంటే బొమ్మలాట. మొన్న ఆవిడే నాకు ఫోన్ చేసి, “మీ అమ్మాయి దారిలో పడింది వదినగారూ” అని మెచ్చుకున్నారు. మా ఆయనకైతే పట్టలేనంత సంతోషం. “ఇన్నాళ్ళకి పెద్దదయింది” అన్నారు. అందరూ సంతోషంగానే ఉన్నారు. నాకొక్కదానికే ఇంట్లో ఎవరో పోయినట్టుంది.

పిట్ట వచ్చింది. చెప్పులు విడుస్తుండగానే చేతులు చూశాను, మెడ చూశాను. ఎక్కడా మచ్చ లేదు. నుదురు చల్లగానే ఉంది. బ్యాగు పక్కన పడేసి తిన్నగా సింకు దగ్గరికెళ్ళి గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

“కూర్చోవే, ఇప్పుడే కదా వచ్చావు.”

“ఉన్నవి రెండే కదమ్మా.”

గొంతు తగ్గించి అడిగాను. “కొడుతున్నాడా?”

“ఛ! లేదు.”

“తిడుతున్నాడా?”

“లేదమ్మా. మంచోడే.”

“ఒంట్లో ఏమైనా...”

“ఏం లేదంటున్నానా! పెద్దయ్యాక ఇంట్రెస్ట్ పోదా ఏంటి ఎవరికైనా?”

హాల్లోంచి మా ఆయన అరిచారు. “అడిగి అడిగి లేని రోగం తెప్పించేలా ఉన్నావే దానికి!”

ఇంట్రెస్ట్ పోతుందని నాకు తెలియదా. పెళ్ళికి ముందు నేను ఈల వేసేదాన్ని. పాట మొత్తం ఈలలోనే వినిపించేదాన్ని. ఎవరూ ఆపమనలేదు, తిట్టలేదు. అత్తగారు పడుకుని ఉన్నారనో, పిల్ల లేస్తుందనో, ఈయన పేపరు చదువుకుంటున్నారనో నేనే ‘తర్వాత వేద్దాంలే’ అనుకున్నాను. పొయ్యి మీద మర్చిపోయిన నీళ్ళలా ఎప్పుడు ఇగిరిపోయిందో చూడనేలేదు. ఇప్పుడు పెదాలు చుడితే వట్టి గాలి వస్తుంది. నన్నెవరైనా అడిగితే నేనూ ఇంట్రెస్ట్ పోయిందనే చెబుతానేమో.

ఆరిన దుప్పటి మడత పెడుతున్నాం. రెండు కొసలు దాని చేతిలో, రెండు నా చేతిలో.

“నా ఇల్లు ఎలా ఉందే?” అన్నాను.

దాని చేతులు ఆగిపోయాయి. మా మధ్య దుప్పటి కిందికి జారింది. వంద ప్రశ్నలు నాలుక మీదకొచ్చాయి. ఎన్నడూ లేనిది నోరు మూసుకున్నాను. అది దగ్గరికొచ్చి కొసలు నా చేతికిచ్చింది. వంగి కింది మడత అందుకుంది, వెనక్కి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. దుప్పటి చిన్నదైంది, ఇంకా చిన్నదైంది. ఇక మడవడానికేమీ మిగలలేదు. అప్పుడు చెప్పింది.

“ఆయన కొత్త ఆటకి పెట్టెలో చోటు చాల్లేదమ్మా. ‘నువ్వెలాగూ ఆడట్లేదుగా, నీది తీసెయ్’ అన్నారు. నిజమే కదా, ఆడట్లేదు. నేనే చెరిపేశాను.”

దుప్పటి అంచు నలుపుతూ నిలబడింది.

“ముందు నిన్ను బయటికి తీసుకొచ్చి, వంతెన దాటించి, అప్పుడు చెరిపానమ్మా. లోపలుంటే భయపడతావని.”