చెవిటి మేస్త్రి అరచెయ్యి

మబ్బు కమ్ముకొస్తోంది. ఆసుపత్రి కాన్పుల వార్డు కోసం లేపుతున్న పన్నెండడుగుల పిల్లర్‌లోకి పైనుంచి కాంక్రీటు దిగుతోంది. పరంజా ఎక్కి పంపు గొట్టం పట్టుకున్నది మేస్త్రి బావమరిది. కింద పిల్లర్ చుట్టూ బిగించిన సెంట్రింగు పలకకు అరచెయ్యి ఆనించి నిలబడ్డది మేస్త్రి. ముప్ఫై ఏళ్లుగా కాంక్రీటును కుదించే వైబ్రేటర్ మోతకు ఆయన చెవులు పోయాయి. చెవిటి మేస్త్రి అంటారందరూ, ఎదురుగానే.

కాంక్రీటు కలిసికట్టుగా పడితే పలక ఒక్కసారి దద్దరిల్లి ఊరుకుంటుంది. ఇవాళ అరచేతిలో సూదులు గుచ్చినట్టుంది. చిటపట, చిటపట. అంత ఎత్తునుంచి పడేసరికి కంకర సిమెంటు పాలను వదిలేసి, ఊచలకు కొట్టుకుంటూ తనే ముందు అడుక్కి దూకుతోంది.

"ఆపరా!" చెయ్యెత్తాడు మేస్త్రి. "గొట్టం అడుగుదాకా దించి పొయ్యమన్నానా లేదా?"

పంపు ఆగింది. బావమరిది కిందికి వంగి, పెదవులు కనబడేలా అరిచాడు. "వాన నెత్తిమీదుంది బావా! దించుకుంటూ ఎత్తుకుంటూ కూర్చుంటే తెల్లారినట్టే. అయినా చెవిటివాడి ముందు శంఖం ఊదితే ఎప్పట్నుంచి వినిపిస్తోందట?"

కూలీలు గొల్లున నవ్వారు. మేస్త్రి అడుగు పలక విప్పమని సైగ చేశాడు. పని చూస్తున్న ఇంజనీరమ్మ మేస్త్రి ముఖానికి ఎదురుగా వచ్చింది.

"విప్పితే పోసిందంతా పారబొయ్యాలి మేస్త్రీ. తీరా లోపల బాగుంటే?"

"బాగుంటే రేపట్నుంచి పనిలోకి రానమ్మా."

అడుగు పలక ఊడదీశారు. కంకర జలజలా కాళ్ల మీదికి జారింది. మిగిలినదాంట్లో రాయికీ రాయికీ మధ్య వేలు దూరేంత సందు.

నవ్వులు ఆగిపోయాయి. బావమరిది దిగొచ్చి తల గోక్కున్నాడు. "అక్కతో అనకు బావా..."

మేస్త్రి అతని వైపు చూడటం లేదు. అవతలి మూల పిల్లర్‌ను చూస్తున్నాడు. నిన్న తను చెవుల పరీక్షకు వెళ్లిన పూట పోసింది అది.

"దాన్నెలా పోశావురా?"



మేస్త్రి సుత్తి తెచ్చి అతని చేతిలో పెట్టాడు. వెళ్లి ఆ పిల్లర్ పలకకు అరచెయ్యి ఆనించాడు. "కొట్టు. గుల్లో గట్టో నేను చెబుతా."

మూడు దెబ్బలు పడ్డాయి. మేస్త్రి చెయ్యి తీయకుండానే ఇంజనీరమ్మ వైపు తిరిగాడు.

"ఇదీ పోయిందమ్మా."

నాలుగో దెబ్బ వెయ్యమని ఎవరూ చెప్పలేదు. బావమరిది పగలగొట్టడానికే వేశాడు.