మోతలో మునిగిన సోలో

మా మరదలు ఏడాదిపాటు ఇంట్లో ఎవరికీ నిద్ర లేకుండా చేసి, పెద్ద ఆర్కెస్ట్రా కోసం ఒక కొత్త సంగీత రచన పూర్తిచేసింది. అందులో మధ్యన వచ్చే ఫ్లూట్ సోలో వాళ్ళ అక్క కోసమే రాసింది. ఆ అక్క మా ఆవిడ. ఆర్కెస్ట్రాలో చేరిన దగ్గర్నుంచీ నలుగురితో కలిసి వాయించడమే తప్ప తనకంటూ ఒక సోలో దక్కలేదు. అదే ఆర్కెస్ట్రాలో నేను వెనక వరసలో ట్రాంబోన్ అనే పెద్ద ఇత్తడి బాకా ఊదుతాను. మాకు సగం పని నోరు మూసుకుని కూర్చోవడమే. మరదలి దయవల్ల ఈసారి చేతినిండా పని దొరికింది.

మొదటి రిహార్సల్లో సోలో వచ్చింది. ఫ్లూట్‌కి కింది స్వరాలు, వెనకనుంచి మా గట్టి ఊదుడు. "అక్కా, వినపడట్లేదు, ఇంకాస్త గట్టిగా," అంది మరదలు హాలు మధ్యలోంచి. మా ఆవిడ మళ్ళీ వాయించింది. మళ్ళీ అదే మాట. కింది స్వరాల్లో ఫ్లూట్ ఎంత ఊదినా మా మోత దాటి రాదని నాకు తెలుసు. కంప్యూటర్లో రాసుకుంటే అన్నీ సమానంగానే వినపడతాయి, పాపం పిల్లకి తెలీలేదు. నేను చెప్పొచ్చు. చెబితే ఆర్కెస్ట్రాని నడిపించే కండక్టర్ గారు మా వరసని మోత తగ్గించమంటారు. ఎన్నాళ్ళకో దొరికిన మోత. తలొంచుకుని నా కాగితం చూసుకున్నాను.

మూడోసారికి మరదలికి చిర్రెత్తుకొచ్చింది. "నీవల్ల కాకపోతే చెప్పక్కా, నీ పక్కన ఫ్లూట్ వాయించే ఆవిడ వాయిస్తారు."

అందరూ విన్నారు. మా ఆవిడ చెవులు ఎర్రబడ్డాయి. సోలో కాగితం తీసి పక్కావిడ స్టాండు మీద పెట్టింది. అప్పుడైనా లేచి చెప్పాల్సింది. ఇంతసేపూ ఏం చేస్తున్నావంటారని సిగ్గేసి కూర్చున్నచోటే కూర్చున్నాను.

పక్కావిడ వాయించినా వినపడలేదు. కండక్టర్ గారికి అనుమానమొచ్చి మా వరసని ఆపమన్నారు. ఈసారి ఫ్లూట్ హాలు చివరిదాకా వినపడింది. మరదలి మొహంలో నెత్తురుచుక్క లేదు. "తప్పు నా రాతలో ఉంది. అక్కకే ఇచ్చేయండి," అంది.

"వద్దులెండి," అంది మా ఆవిడ. "ఇప్పుడు నేను వాయిస్తే చెల్లెలు బతిమాలి ఇప్పించిందంటారు. ఆవిడనే వాయించనివ్వండి."

విరామంలో బయట వరండాలో తన పక్కన నిలబడ్డాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "బాగా వాయించావు," అన్నాను.

"మీకు వినపడిందా?"

అబద్ధం గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. "లేదు. మా మోతలో ఎలా వినపడుతుంది?"

"మరి ఆ మాట లోపల అనలేదేం?"

సిగ్గుతో చచ్చిపోయాను. తను మాత్రం జవాబు కోసం నా మొహంలోకే చూస్తూ నిలబడింది.