తర్కానికి చీర కట్టిన రోజు

నేను బాన్సువాడ బందెలదొడ్డి కాపలాదారుణ్ణి. చేలల్లో పడి మేసిన పశువులను పట్టి ఇక్కడికి తోలుతారు. మూడు రోజుల్లో అసలువాళ్లెవరో తేలకపోతే వేలం వేస్తారు. ఇరవై ఏళ్లుగా పశువులను, వాటి వెనక వచ్చే మనుషులను చూస్తున్నాను. పశువులంటేనే నాకు గౌరవం ఎక్కువ.

నిజాంసాగర్ నీళ్లొచ్చాక చెరకు పెరిగింది, దాంతోపాటు నాకు గిరాకీ పెరిగింది. ఆ ఏడు చెరకుతోటలో దొరికిన ఒక బర్రె కోసం ఇద్దరు వచ్చారు. ఒకడు గంగయ్య. నెల కిందట అతని బర్రె తప్పిపోయింది. అబద్ధమాడుతున్నాడని అనను, ఆశ పడుతున్నాడు. రెండోవాడు సత్యమ్మ కొడుకు వెంకట్రాములు. భర్త పోయిన సత్యమ్మకు ఆ బర్రె పాలే బతుకు. దూడ చచ్చినా ఆమె చెయ్యి పడితే చేపేది, పొదుగులోకి పాలు దించేది. ఆమేమో చలిజ్వరంతో మంచం పట్టింది. బర్రె దొడ్డికి వచ్చి అది మూడో రోజు. మధ్యాహ్నానికి వేలం.

వెంకట్రాములు హైదరాబాదులో కాలేజీకి పోయి, తర్కంలో రెండుసార్లు తప్పి, ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు చెప్పే లావుపాటి పుస్తకంతో తిరిగొచ్చాడు. పాఠం ఒంటబట్టలేదు గానీ, పాఠంలోని ప్రతి మాటకూ తాతముత్తాతల పేర్లు చెప్పగలడు. కోటు తొడుక్కొని వచ్చి దొడ్డి గేటు దగ్గర ఆ పుస్తకం విప్పాడు.

"హుస్సేన్ చిచ్చా, ముందుగాల ఆర్గ్యుమెంట్ అంటే ఏందో చెప్త. లాటిన్ల దాని చుట్టం వెండి. వెండి లెక్క తెల్లగ కనవడేటట్టు చేసుడన్నట్టు."

"బర్రె నల్లగుంది గద బిడ్డా," అన్నాను.

"క్యాటగిరీ అంటే, గ్రీకోళ్లు పదిమందిల నిలవడి ఒకని మీద నేరం మోపుడు. గిప్పుడు గంగయ్య నా మీద చేస్తున్నది గదే."

"నేను గా గ్రీకోళ్ల మొఖం గూడ చూడలే," అన్నాడు గంగయ్య కోపంగా.

నాకు విసుగొచ్చింది. "ప్రూఫ్ అంటే ఏంది?" అని అడిగాను.

"లాటిన్ల పరీక్ష పెట్టి చూసుడు."

"గిది మా అబ్బా లాటిన్ రాకుండనే చెప్పిండు."

మా అబ్బా కాలం నుంచి ఈ దొడ్డిలో పాలిచ్చే పశువుకు పద్ధతి ఒకటే. సాక్షులతో పని లేదు, వాళ్లు రెండు వైపులా దొరుకుతారు. ఎవరి చేతికి చేపితే బర్రె వాళ్లది.

ముందు గంగయ్య కూర్చున్నాడు. బర్రె తన్నింది, ముంత పగిలింది. తర్వాత వెంకట్రాములు కూర్చున్నాడు. పుట్టిన్నాటి నుంచి పాలు తాగాడే గానీ పితికి ఎరగడు. పుస్తకం ఒకవైపు, అతను ఒకవైపు పడ్డారు.

"గిది డైలమా," అన్నాడు లేచి పేడ తుడుచుకుంటూ. "రెండు మాటల నడుమ ఇరుక్కునుడు. దానికి రెండు కొమ్ములుంటయని పాతకాలం పండితులన్నరు."

"నిన్ను తన్నింది కాలుతోని," అన్నాను.

అప్పుడే పక్కింటి పూలమ్మ ఒక మూట తెచ్చింది. "సత్యమ్మక్క పంపింది. పాలు పిండేటప్పుడు కట్టుకునే చీర. ఇది కట్టుకోని కూసోమన్నది."

"అబ్సర్డ్," అన్నాడు వెంకట్రాములు. అలవాటు కొద్దీ అర్థం కూడా చెప్పాడు. "చెవుడు అనే మాట కెళ్లి వచ్చింది."

"చెవిటిదాని ముంగట పొద్దటి సంది మాట్లాడుతనే ఉన్నవ్. దానికి ముక్కుంది. కట్టు," అంది పూలమ్మ.

వేలం పాడేవాళ్లు అప్పటికే వచ్చి గోడ నీడన కూర్చున్నారు. వాళ్ల వైపు ఒకసారి చూసి, వెంకట్రాములు కోటు మీదనే చీర చుట్టుకున్నాడు. నవ్వనివాడు లేడు. నేనూ నవ్వాను. బర్రె మాత్రం కొంగు వాసన చూసి, కాళ్లు ఎడంగా పెట్టి, కదలకుండా నిలబడింది. సగం పాలు కోటు మీద పడ్డాయి, సగం ముంతలో పడ్డాయి.

గంగయ్య ఊరుకోలేదు. భార్య చీర తెప్పించుకొని తనూ చుట్టుకున్నాడు. అతని చేతిలో ఇంకో ముంత పగిలింది.

"ఇగ కంక్లూజన్," అన్నాడు వెంకట్రాములు. "అంటే తలుపు మూసుడు."

"బర్రె బయటికొచ్చినంక మూస్త," అన్నాను.

గేటు దాటగానే అతను చీర విప్పాడు. బర్రె ఆగిపోయింది. మళ్లీ కట్టుకుంటే కదిలింది. అలా కోటు మీద చీరతో బాన్సువాడ బజారంతా నడిచాడు. దుకాణాల్లో తూకాలు ఆగిపోయాయి. పాల ముంత పట్టుకొని నేను వెనక నడిచాను.

బజారు దాటాక అతను మెల్లగా అన్నాడు. "దీని పాలు అమ్మి మా అవ్వ నన్ను చదివిచ్చింది చిచ్చా. దీనికి నేనెవరో తెల్వది."

నాకు నవ్వు ఆగిపోయింది. వాడి మీద మొదటిసారి జాలి వేసింది.

ఇంటి ముందు అలికిడికి సత్యమ్మ మంచం మీంచి లేవబోయింది. కొడుకు కట్టిన చీరను చూసింది, వెనక నిలబడ్డ బర్రెను చూసింది.

"ఎవలికి చేపింది బిడ్డా?" అని అడిగింది.

పుస్తకం చంకలోనే ఉంది గానీ వెంకట్రాములు విప్పలేదు.

"నీకే అవ్వా," అన్నాడు.